పేరు చెప్పలేకపోయిన పెద్దలందరికీ

ఈ వ్యవహారం మొదలైన నాటికి నా దగ్గర ఉన్నవి ఇవి. కెదుంగ్‌సారి పెద్ద బజారులో ఒక బట్టల కొట్టు. అందులో నేల నుంచి కప్పు దాకా చీరాల గళ్ళ లుంగీలు. శేషారత్నం అనే భార్య. బూ యాంతి అనే గుమాస్తా. రంజాన్ నెల మధ్యలో గడువు తీరే వ్యాపార లైసెన్సు. ఒక ఫోను కూడా ఉండేది. దానితో మాట్లాడటం తప్ప ఇంకో పని చెయ్యవచ్చని నాకు తెలియదు కాబట్టి దాన్ని ఆస్తిలో చేర్చలేదు.

కెదుంగ్‌సారి ఇండోనేషియాలో, జావా దీవికి తూర్పు వైపున ఒక జిల్లా. నేను దోగుపర్తి నాగలింగాన్ని, చీరాల వాణ్ణి. అక్కడివాళ్ళు నన్ను పాక్ లింగా అంటారు. పాక్ అంటే అయ్యగారు, బూ అంటే అమ్మగారు. మనం లుంగీ అనేదాన్ని వాళ్ళు సారోంగ్ అంటారు. మనవాడు బయటికి వెళ్ళేటప్పుడు లుంగీ విప్పి ప్యాంటు వేస్తాడు. జావా వాడు పెద్దల ముందుకి వెళ్ళేటప్పుడు ప్యాంటు విప్పి లుంగీ కడతాడు. ఈ ఒక్క తేడా మీద నా సంసారం నడుస్తోంది. రంజాన్ పండగకి ప్రతివాడూ తనకొక కొత్త లుంగీ, మామగారికొకటి, తను భయపడే పై అధికారికొకటి కొంటాడు. ఏడాది బేరమంతా పండగ ముందు వారం పదిరోజుల్లోనే. అప్పుడు గనక కొట్టుకి తాళం పడితే, సరుకంతా పై ఏటి దాకా ఎలకలకి పరుపు. అందుకని లైసెన్సు సంగతి నేను రెండు నెలల ముందే చూసుకుంటాను.

ఆ ఏడు చూసుకోబోతే జిల్లాకి కొత్త బుపాతి వచ్చాడు. బుపాతి అంటే మన కలెక్టరూ, జిల్లా పరిషత్ చైర్మనూ ఒకే కుర్చీలో కూర్చున్నట్టు. ఆయన వచ్చిన కొత్తల్లోనే పక్క జిల్లాలో ఒక ట్రాఫిక్ కానిస్టేబులు కూడలిలో నాట్యం చేస్తూ లారీలని మళ్ళించాడు. ఎవరో తీసి పెట్టిన ఆ వీడియోని దేశమంతా చూసింది. ఆ దేశం సంగతి మీకు తెలియాలి. అక్కడ అన్నం పళ్ళెంలో పడగానే ముందు ఫోనుకి చూపిస్తారు, తరువాత తింటారు. చేపలు తోమే ఆవిడకి అభిమాన సంఘం ఉంటుంది. దయ్యాలని వెతుక్కుంటూ పాడుబడ్డ ఇళ్ళలోకి వెళ్ళి, దయ్యం కనపడకపోయినా భయపడి చూపించేవాడు సొంత మేడ కట్టుకుంటాడు. పోలీసులు మన హిందీ పాటలకి పెదాలు కలుపుతారు. అటువంటి దేశంలో పక్క జిల్లా కానిస్టేబులు పేరు పిల్లలందరికీ తెలిసి, తన పేరు తన డ్రైవరుకి తప్ప ఎవరికీ తెలియకపోవడం బుపాతిగారిని కలచివేసింది.

ఆయన సభ పెట్టి, జిల్లా కనపడటంలో వెనకబడి ఉందని ప్రకటించాడు. నీళ్ళలో, రోడ్లలో కూడా వెనకబడి ఉంది గానీ అవి కనపడేవి కావు. ఆ సభలోనే 'గెబ్యార్' పథకం పుట్టింది. ఏడు మాటల్లోంచి ఒక్కో ముక్క కోసి అతికిస్తే వచ్చిన పేరు. ఏ మాటలోంచి ఏ ముక్క తీశారో చెప్పడానికి ప్రత్యేకంగా ఒక అధికారిని వేశారు.

నేను పథకం సంగతి తెలియక, ఎప్పటిలాగే కాగితాలు పట్టుకుని లైసెన్సుల కచేరీకి వెళ్ళాను. ఆ విభాగం అధిపతి పేరు పాక్ మర్జూకి. మంచివాడే. ఏ పని అడిగినా కాదనడు, చెయ్యడు.

"కాగితమా!" అన్నాడు, నేను చచ్చిన ఎలకని బల్లమీద పెట్టినట్టు చూసి. "పాక్ లింగా, కాగితం గత శతాబ్దపు అహంకారం. దాన్ని ఒక్క అధికారి చూస్తాడు. వీడియోని ప్రజలు చూస్తారు. ఇకమీదట ప్రతి దరఖాస్తూ ఒక్క నిమిషం వీడియోగా సమర్పించాలి. పదివేల మంది చూస్తే మంజూరు. పదివేల మంది చూసినదాన్ని కాదనే హక్కు మాకెక్కడిది?"

"మరి మీరేం చేస్తారు?"

"మేము సమన్వయం చేస్తాం."

"నా లుంగీల లైసెన్సుని పదివేల మంది ఎందుకు చూస్తారండీ?"

"అది మీలోని ప్రతిభకి సంబంధించిన ప్రశ్న. దానికి వేరే విభాగం ఉంది." ఆయన గొంతు తగ్గించాడు. "అయితే ఒక చిన్న మర్యాద. వీడియో మొదట్లో పెద్దలకి సంబోధన ఉండాలి."

ఈ సంబోధన గురించి చెప్పకపోతే మీకు తరువాతి కథ అర్థం కాదు. ఆ దేశంలో నలుగురు కలిసి ఏ సభ పెట్టినా, ఎవరైనా నోరు తెరిస్తే ముందు అక్కడున్న పెద్దలందరినీ హోదా వరసలో పేరు పేరునా గౌరవించాలి. వరస తప్పితే యుద్ధం. అందుకని ఎవరినీ వదలకుండా చివర ఒక మాట తగిలిస్తారు: 'మరియు పేరు పేరునా చెప్పలేకపోయిన, అయినా మా గౌరవం ఏమాత్రం తగ్గని పెద్దలందరికీ!' గంట సభలో పావుగంట ఇలా పోతే ఎవరికీ బాధ లేదు, ఎందుకంటే ఆ పావుగంటలో అట్టపెట్టె ఫలహారం తినవచ్చు. పాక్ మర్జూకి నా చేతిలో పెట్టిన వరసలో బుపాతిగారు, మహిళా సంక్షేమ సంఘాధ్యక్షురాలి హోదాలో బుపాతిగారి సతీమణి, ఉపబుపాతి, పోలీసు పెద్ద, సైన్యం పెద్ద, కోర్టు పెద్ద, ఇలా దిగుతూ దిగుతూ అట్టడుగున లైసెన్సుల అధిపతి పాక్ మర్జూకి ఉన్నారు.

"ఇదంతా చెప్పేసరికే నిమిషం అయిపోతుందే?"

"గౌరవాన్ని గడియారంతో కొలవకూడదు, పాక్ లింగా."

"మరి నిమిషం దాటితే?"

"తిరస్కరిస్తాం."

ఇంటికొచ్చి శేషారత్నానికి ఫోనిచ్చి తియ్యమన్నాను. కొత్త లుంగీ కట్టి బీరువా ముందు నిలబడి చదవడం మొదలుపెట్టాను.

"ఆగండాగండి," అంది మా ఆవిడ. "ఆయన పేరేంది అంత పొడుగుంది? ముందు మూడు డిగ్రీలు, ఎనక నాలుగు డిగ్రీలు. గూడ్సు బండికి రెండు పక్కలా ఇంజన్లు తగిలించినట్టు. అయ్యన్నీ చదవాల్నా?"

"చదవకపోతే తిరిగొస్తుందంట."

"అయితే ఊపిరి పీల్చుకోకుండా చదవండి. మీరు ఊపిరి పీల్చినప్పుడల్లా ఒక పెద్దమనిషి మిగిలిపోతన్నాడు."

ఊపిరి పీల్చుకోకుండానే చదివాను. పేరు చెప్పలేకపోయిన పెద్దలందరినీ కూడా గౌరవించేసరికి, లుంగీ అనడానికి నోరు తెరిచినంతసేపు మాత్రం మిగిలింది. వారం తరువాత చూస్తే పదకొండు సార్లు చూశారని ఉంది. బజారంతా నన్ను చూస్తోందని నేను సంతోషిస్తే, శేషారత్నం నెమ్మదిగా చెప్పింది. "తొమ్మిది సార్లు నేనేనండీ. మీ ఎనకాల బీరువా తలుపు తెరిచుందా మూసుందా అని."

నా ఒక్కడి సంగతే కాదు. జిల్లా మొత్తం ఇదే తంతు. బజారు మూల మీద టెంపే అనే సోయా గింజల అచ్చుతో వేసే బజ్జీల బండికి నిప్పంటుకుంటే అగ్నిమాపక దళం చప్పున వచ్చింది. వచ్చి, నీళ్ళ గొట్టాలు పరిచి, టోపీలు సరిచేసుకుని, మంటకి పక్కగా వరసలో నిలబడి సంబోధన మొదలుపెట్టింది.

"అయ్యా, నూనె డబ్బా ఉందయ్యా బండిలో!" అని బజ్జీలాయన మొత్తుకున్నాడు.

"ఓర్పు వహించండి," అన్నాడు దళపతి. "ప్రజామోదం లేకుండా మా శాఖ ఒక్క చుక్క కూడా వదలదు."

నూనె డబ్బా పేలడంతో వీడియోకి మంచి ఆదరణ దొరికింది. పదివేలు దాటింది. దళపతి వెంటనే అనుమతి ఇచ్చాడు. దళం బూడిద మీద క్రమశిక్షణతో నీళ్ళు చల్లి, పిడికిళ్ళు పైకెత్తి బజ్జీలాయనతో కలిసి ఫోటో దిగింది. ఆయన చేతిలో ఒక ఫలహారం పెట్టె కూడా పెట్టారు. అందులో ఉన్నవి ఆయన బజ్జీలే, పొద్దున ఆర్డరిచ్చినవి.

ఒక రైతు తన దున్నపోతుని ఎవరో తోలుకుపోయారని ఫిర్యాదు వీడియో పెడితే, ఆ తోలుకుపోయిన దొంగ కూడా కన్నీళ్ళతో పశ్చాత్తాప వీడియో పెట్టాడు. దొంగకి గొంతు బాగుంది. రైతుని నలభై మంది చూస్తే దొంగని లక్షమంది చూశారు. ప్రజల తీర్పుని గౌరవించి దున్నపోతుని దొంగకే ఉంచారు. అధికారులకీ మినహాయింపు లేదు. సెలవు కావాలంటే వాళ్ళూ వీడియో పెట్టాల్సిందే. కచేరీల్లో పని ఆపేసి నడుము తిప్పి ఆడటంలో శిక్షణ ఇచ్చారు. నేను రెండోసారి వెళ్ళేసరికి పాక్ మర్జూకి నడుము పట్టేసి, బల్లమీద బోర్లా పడుకుని సమన్వయం చేస్తున్నాడు.

"గడువు దగ్గరపడుతోందండీ," అన్నాను.

"ప్రతిభ," అని మూలిగాడు ఆయన.

ఆ సాయంత్రం కొట్లో తల పట్టుకు కూర్చుంటే బూ యాంతి నా ముందుకి వచ్చి నిలబడింది. ఏభై దాటిన మనిషి. వయసులో ఉండగా పెళ్ళిళ్ళలో డాంగ్‌డుట్ పాడేది. డాంగ్‌డుట్ అంటే మన తబలా వాళ్ళ ఊరికి కోడలుగా వెళితే పుట్టే పాట. అందులో కొప్లో అని ఒక రకం ఉంది, అదొస్తే కుంటివాడు కూడా కర్ర పారేసి ఆడతాడు. మా ఆవిడ దగ్గర ఏళ్ళ తరబడి ఉండి బూ యాంతి చీరాల తెలుగు మాట్లాడుతుంది.

"పాక్ లింగా, మీరు ఆ పేర్లు చదువుతుంటే చావు కబురు చెబుతున్నట్టుంది. పేర్లకి డోలు కొట్టాల."

"మర్యాదకి డోలేంది యాంతీ?" అంది శేషారత్నం.

"ఏంది అక్కా, మీ ఊళ్ళో పెళ్ళికొడుకొస్తే మేళం కొట్టరా? ఆయన మంచోడా కాదా అని చూసి కొడతారా?"

నేను వ్యాపారిని. ఎదురు చెప్పడానికి మాట దొరకనప్పుడు ఒప్పుకోవడమే లాభం. పాత మేళం వాళ్ళు వచ్చారు. బూ యాంతి ఒక్క పేరు మార్చలేదు, ఒక్క డిగ్రీ వదలలేదు, వరస తప్పలేదు. అన్నిటినీ డోలు మీద పరిగెత్తించింది. నేను రెండు చేతులా లుంగీలు వేసుకుని దండెం లాగా మధ్యలో నిలబడ్డాను. చివరికొచ్చేసరికి డోలు ఆగింది. బూ యాంతి కళ్ళు మూసుకుని, 'మరియూ... పేరు పేరునా... చెప్పలేకపోయినా...' అని ఊపిరున్నంత దూరం రాగం తీసి, 'పెద్దలందరికీ!' అని వదిలింది. వెంటనే మేళగాళ్ళు 'హోక్యా!' అని అరిచి డోళ్ళ మీద పడ్డారు. బూ యాంతి నడుము ఒక తిప్పు తిప్పింది. నా చేతుల మీది లుంగీలు ఎగిరి మా ఆవిడ మీద పడ్డాయి. ఫోను కదిలిపోయి, వీడియో చివర కప్పు కనపడింది.

"బూజు కనపడిందండీ! ఇంకోసారి తీద్దాం," అంది శేషారత్నం.

ఇంకోసారి తీసే ఓపిక లేక దాన్నే పెట్టాను. తెల్లారేసరికి పదివేలు దాటింది. వారంలో దేశం దాటింది. బడిపిల్లలు, నర్సులు, పడవల వాళ్ళు, పెళ్ళికూతుళ్ళు, అందరూ అదే పాటకి ఆడి వీడియోలు పెట్టారు. చివర్లో ఫోను కదిపి కప్పు చూపించడం కూడా ఆచారమైపోయింది. మా కప్పు బూజు చూడటానికి పక్క జిల్లా నుంచి బస్సు వచ్చింది. శేషారత్నం వాళ్ళని లోపలికి రానివ్వలేదు. దులిపేశాక వచ్చిన బస్సుని మాత్రం రానిచ్చింది.

నేను ధైర్యంగా లైసెన్సు కోసం వెళ్ళాను. పాక్ మర్జూకి లేచి నిలబడ్డాడు. లైసెన్సు సిద్ధంగా ఉంది, బుపాతిగారి సంతకం ఒకటే తక్కువ, రేపో ఎల్లుండో అన్నాడు. ఆ రేపటికీ ఎల్లుండికీ మధ్యలో ఉపద్రవం జరిగింది.

ఆ పాటని ఎక్కడ వేసినా, ముందు పేర్లు వస్తున్నంతసేపూ జనం నీళ్ళు తాగుతూ, చెప్పులు సరిచేసుకుంటూ, చుట్టుపక్కల చోటు చేసుకుంటూ ఉండేవారు. 'పేరు పేరునా' అనగానే ఒళ్ళు కూడదీసుకునేవారు. 'పెద్దలందరికీ!' అనగానే హోక్యా అని ఎగిరేవారు. దేశమంతా ఎగిరింది ఆ ఒక్క మాటకే. చివరికి ముందున్న పేర్లు కోసేసి, ఆ మాట దగ్గరనుంచే వెయ్యడం మొదలుపెట్టారు.

ఊళ్ళో పాక్ ట్రిమో అని ఒక ముసలాయన ఉండేవాడు. కాలవ తలుపుల శాఖలో పనిచేసి దిగిపోయాడు. ముప్ఫై ఏళ్ళు ప్రతి సభకీ వెళ్ళాడు, ఒక్క వరసలోనూ ఆయన పేరు పడలేదు. ఒక పెళ్ళిలో జనం ఎగురుతుంటే ఆయన లేచి, రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టాడు.

"మీరెందుకండీ దండాలు పెడుతున్నారు?" అని ఎవరో అడిగారు.

"పేరు చెప్పలేకపోయిన పెద్దని నేనే కదయ్యా. మొదట్నుంచీ," అన్నాడు ఆయన.

జనానికి ఆ మాట సబబుగా కనిపించింది. ఆయన్ని భుజాలకెత్తుకున్నారు. మర్నాటి నుంచి దుకాణాల ప్రారంభాలకి పాక్ ట్రిమోని పిలిచారు. చేపల పోటీకి ఆయనే ముఖ్య అతిథి. వంతెనకి రిబ్బను కత్తిరించడానికి బుపాతిగారు వెళితే, అప్పటికే పాక్ ట్రిమో కత్తిరించేసి ఫలహారం తింటున్నాడు. బుపాతిగారి పేరు చదివినప్పుడు జనం చెప్పులు సరిచేసుకోవడం ఆయన కళ్ళారా చూశాడు.

మర్నాడే ఆజ్ఞ వచ్చింది. వినమ్రత కారణంగా బుపాతిగారి పేరుని సంబోధనలోంచి తొలగించి, వారిని పేరు చెప్పలేకపోయిన పెద్దలలో చేర్చవలసినది.

బుపాతిగారు వరసలో లేకపోతే మొదట ఉపబుపాతి నిలబడాలి. పై అధికారి కన్నా పైన ఉండటం ఎంత పెద్ద అపచారమో తెలిసిన మనిషి కాబట్టి ఆయన మధ్యాహ్నానికల్లా తన పేరు తీయించుకున్నాడు. పోలీసు పెద్ద తీయించుకున్నాడు. సైన్యం పెద్ద, తాను పోలీసు కన్నా ముందే అడిగాననీ ఆ మాట నమోదు చెయ్యాలనీ పట్టుబట్టి తీయించుకున్నాడు. ఇన్నాళ్ళూ ఒక మెట్టు పైకెక్కడానికి కొట్టుకున్నవాళ్ళు పక్కకి దూకడానికి కొట్టుకున్నారు. వరసలో ఇంకా పేరున్నవాడంటే చిన్నచూపు వచ్చింది. పిల్లనిచ్చేవాళ్ళు కూడా "అబ్బాయి పేరు ఎక్కడా లేదు గదా?" అని అడిగి మరీ ఇచ్చారు.

ఆఖరికి వరసలో ఒకే ఒక్క పేరు మిగిలింది. అట్టడుగున ఉన్నవాడు మొదటివాడైపోయాడు. పాక్ మర్జూకి నా కొట్టుకొచ్చి బేలు మీద కూలబడ్డాడు.

"పాక్ లింగా, నా భార్య నాతో మాట్లాడటం లేదు. జిల్లా మొత్తానికి నేనొక్కణ్ణే ఉన్నట్టు సభలో నా పేరొక్కటే చదువుతున్నారు. ఎంత అవమానం!"

"తీయించుకోండి మరి."

"తీసే అధికారం నాదే. కానీ తీస్తే ఆజ్ఞ మీద నా పేరు పడుతుంది. పేరు పడితే తీసినట్టెలా అవుతుంది?"

"పేరు లేకుండా ఆజ్ఞ ఇవ్వండి," అంది శేషారత్నం లోపల్నుంచి, లుంగీలు మడతపెడుతూ.

ఆ సలహా జిల్లా పాలనలో విప్లవం తెచ్చింది. పాక్ మర్జూకి పేరు లేకుండా ఆజ్ఞ ఇచ్చాడు. అది చూసి మిగిలినవాళ్ళు, గౌరవమంతా పేరు లేకపోవడంలోనే ఉన్నప్పుడు ఆజ్ఞల మీద, తలుపుల మీద, బల్లల మీద మాత్రం పేర్లెందుకని ఊడబీకించారు. చొక్కాకి తగిలించుకునే పేరు బిళ్ళలు కుప్ప పోశారు. ఆ బిళ్ళ తీసిన చోట చొక్కా రంగు ముదురుగా ఉండేది. ఎంత ముదురుగా ఉంటే అంత పెద్ద అధికారి అని మేము పోల్చుకునేవాళ్ళం.

పని చెడింది నాకు. నా లైసెన్సు మీద సంతకం చేసే మనిషి లేడు. సంతకం అడిగితే తిట్టినట్టు చూస్తున్నారు. రంజాన్ నెల సగమైంది. గడువు తీరిపోయింది.

గడువు తీరిన మర్నాడు తాళం, సీలు పట్టుకుని ముగ్గురు మనుషులు వచ్చారు. బూ యాంతి గల్లా పెట్టెకి అడ్డం నిలబడింది. మా ఆవిడ గుమ్మానికి అడ్డం నిలబడింది. నేను ఎవరికీ అడ్డం రాకుండా నిలబడ్డాను.

"కొట్టు మూయించమని ఆజ్ఞ," అన్నాడు ముందున్న మనిషి.

"ఎవరి ఆజ్ఞ బాబూ?"

"పెద్దలది."

"ఏ పెద్దలది?"

అతను కాగితం తిప్పి చూశాడు. కిందా లేదు, పైనా లేదు. "పేరు చెప్పలేకపోయిన పెద్దలది," అన్నాడు.

"వాళ్ళే మూయమన్నారని ఏంటి రుజువు? వాళ్ళే మూయొద్దన్నారని నేనంటే?" అంది శేషారత్నం. "అసలు నువ్వెవరు?"

అతను తన చొక్కా వంక చూసుకున్నాడు. బిళ్ళ లేదు. వెనకున్న ఇద్దరినీ చూశాడు. వాళ్ళు కప్పు వంక చూస్తున్నారు.

"మా మామగారికి ఆకుపచ్చ గళ్ళు ఏమైనా ఉన్నాయా?" అన్నాడు చివరికి.

ఉన్నాయి. ముగ్గురికీ బేరం కుదిరింది. తాళం మాత్రం మా కొట్లోనే మరచిపోయి వెళ్ళారు.

నేను సంతోషించానని అనుకోకండి. లైసెన్సు లేని కొట్టు, మూతి కట్టని బస్తా ఒకటే, ఏ గాలికి ఏమవుతుందో తెలియదు. ఊరికి పేర్లు తిరిగొచ్చిన రోజున నా కొట్టే ముందు మూస్తారు. కనక పేర్లు ఎలా తిరిగొస్తాయా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. అవి పండగ బోనసుతో తిరిగొచ్చాయి.

పండగకి వారం ముందు అక్కడ ఉద్యోగులందరికీ బోనసు ఇస్తారు. ఇచ్చేది రాజధానిలో ఉన్న ఖజానా. దానికి హోక్యా సంగతి తెలియదు. ఎవరికి ఇవ్వాలి అని అడిగింది. జిల్లా నుంచి 'పేరు చెప్పలేకపోయిన పెద్దలందరికీ' అని గంభీరంగా జవాబు వెళ్ళింది. ఖజానా, మీ మీద మా గౌరవం ఏమాత్రం తగ్గదు గానీ బోనసు రాదు అని తిరిగి రాసింది. పాక్ ట్రిమో ఒక్కడు మాత్రం ఆ బోనసంతా తనదేనని అర్జీ పెట్టుకున్నాడు.

ఆ రోజు మధ్యాహ్నం కచేరీలో ఏడుపులు బజారుకి వినిపించాయి. అందరూ తమ పేర్లు తమకి ఇప్పించమని ఎగబడ్డారు. కానీ ఏది కావాలన్నా గెబ్యార్ పథకం కిందనే. ఒక్క నిమిషం వీడియో, పదివేల మంది. ఆ పథకాన్ని రద్దు చెయ్యాలంటే బుపాతిగారు సంతకం పెట్టాలి. సంతకం పెట్టాలంటే ఆయనకి పేరుండాలి. పేరు కావాలంటే ఆయన కూడా వీడియో పెట్టాలి. పెట్టాడు. ఏడు డిగ్రీలూ చదివి, కంటతడి కూడా పెట్టాడు. కానీ జనం అప్పటికి మోటారు సైకిలు మీద కూర్చుని ప్రయాణం చేసే ఒక కోడిపెట్టని చూస్తున్నారు. బుపాతిగారిని నూటపాతిక మంది చూశారు. ఆ కింద ఒకడు 'కోడి ఎక్కడ?' అని రాశాడు.

సాయంత్రం, ఉపవాసం విడిచే వేళ దాటాక, ముదురు రంగు మచ్చల చొక్కాలన్నీ నా కొట్టు ముందుకి వచ్చాయి. ముందు బుపాతిగారు.

"పాక్ లింగా," అన్నాడు ఆయన, "జిల్లా మొత్తానికి పదివేల మంది నిలకడగా చూసే మనిషి మీ గుమాస్తా ఒక్కరే. ఈ దిశగా ఒక సహకారాన్ని మేము ఆశిస్తున్నాము."

"ఆశించండి," అన్నాను. నేను ఇరవై ఏళ్ళుగా కొంటూ అమ్ముతూ ఉన్నాను. అవతలివాడు కొట్టు గుమ్మం దాకా వచ్చి సహకారం అన్నాడంటే తూకం మన వైపు మొగ్గిందని అర్థం. "నా లైసెన్సు?"

"పేరు రాగానే మొదటి సంతకం దాని మీదే."

"మీదొక్కటే కాదు," అన్నాను. "ఇక్కడున్నవాళ్ళందరివీ. రేపు మళ్ళీ ఎవరి పేరు పోతుందో నాకేం తెలుసు?"

"లుంగీలు కూడా కొనాల," అంది బూ యాంతి. "ప్యాంట్లతో నిలబడితే నేను పాడను. ఉప్మా మీద చక్కెర చల్లినట్టుంటది."

పవిత్ర మాసం కాబట్టి నడుము వద్దన్నాను. డోలు మాత్రమే. పెద్దలందరూ చీరాల గళ్ళు కట్టి బజారులో వరసగా నిలబడ్డారు. ఎవరు ముందు నిలబడాలన్నది తేలక కాసేపు కొట్టుకున్నారు. శేషారత్నం వచ్చి పొడుగునుబట్టి నిలబెట్టింది. పాక్ మర్జూకి అందరికన్నా పొడుగు కావడంతో మొదటివాడై మళ్ళీ ఏడ్చాడు. బూ యాంతి డోలు ఆపి చెయ్యి చూపించినప్పుడల్లా ఒక్కొక్కడూ తన పేరు తానే గొంతు చించుకుని అరిచాడు. బజారు జనం 'హోక్యా!' అన్నారు. బుపాతిగారికి డిగ్రీలు చెప్పే వ్యవధి దొరకలేదు. చిన్నప్పుడు వాళ్ళమ్మ పిలిచినట్టు ఒట్టి పేరే చెప్పాడు. జనం రెండోసారి కూడా హోక్యా అన్నారు. ఆ ఒక్కసారే ఆయన నిజంగా నవ్వడం చూశాను.

వీడియో అన్నం తినేలోగా పదివేలు దాటింది. పేరు రాగానే బుపాతిగారు నా గల్లా పెట్టె మీదే నా లైసెన్సు పెట్టి సంతకం చేశాడు, కింద పథకం రద్దు ఆజ్ఞ మీద చేశాడు. తరువాత మిగిలినవాళ్ళందరూ, చాలా రోజులుగా సంతకం చెయ్యక చేతులు దురదపెడుతున్నాయేమో, లైసెన్సు మీద పడ్డారు. డిగ్రీలతో సహా చేశారు. వరస విషయంలో రాజీ లేకుండా పైనా కిందా పక్కలా చేశారు. పాక్ మర్జూకి ముద్ర వేసి, నా చేతికిస్తూ వేడుకగా అన్నాడు.

"చూసుకోండి పాక్ లింగా, ఇంత గౌరవనీయమైన లైసెన్సు ఈ జిల్లాలో ఎవరికీ లేదు."

చూసుకున్నాను. నిజమే. యజమాని పేరు రాయాల్సిన చోట సైన్యం పెద్ద సంతకం చేసి ఉన్నాడు. నా పేరు రాయడానికి గోరంత చోటు లేదు.

"పేరు లేదే?" అన్నాను.

"ఇంకొకటి ఇమ్మంటారా?" అన్నాడు ఆయన. ఆయన కళ్ళలో సమన్వయం కనపడింది. వద్దన్నాను.

పండగ అయ్యాక, తలుపులు దగ్గరికి వేసి చివరి లెక్క చూసుకున్నాను. సరుకు మొత్తం అమ్ముడుపోయింది, మా ఆవిడ దాచుకున్న రెండు జతలతో సహా. బూ యాంతిని సురబాయ నగరంలో ఒక వీడియోల కంపెనీ వాళ్ళు తీసుకుపోయారు. అది నష్టం కింద రాశాను. ఆవిడ నెలకోసారి వచ్చి మా ఆవిడ దగ్గర చారన్నం తిని వెళుతుంది, అది జమ. తాళం ఒకటి, సీలు ఒకటి ఊరికే వచ్చాయి. ఆఖరున లైసెన్సు. దాన్ని ఎటు రాయాలో చాలాసేపు తేలలేదు. అంతలో పక్క కొట్టు నూనెల వ్యాపారి వచ్చి, తనకి తనిఖీ పడిందనీ, ఒక్క పూటకి ఇప్పించమనీ అడిగాడు. ఇచ్చాను. తనిఖీ అధికారి అన్ని సంతకాలు చూసి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడట. ఇప్పుడు మా వరసలో నాలుగు కొట్లూ ఆ ఒక్క లైసెన్సు మీదే నడుస్తున్నాయి. ఎవరి పేరూ లేదు కాబట్టి ఎవరిదైనా కావచ్చు. లాభం కింద రాసుకున్నాను.